స్పీచ్ ఎవాల్యుయేషన్‌లో అమ్మమ్మ పక్కన ఇంటర్‌ప్రెటర్ ఎందుకు?

సందేహం: అమెరికా వచ్చి ఏడాది అయింది. బాబుకి రెండేళ్లు దాటినా మాటలు సరిగ్గా రావడం లేదు. పగలు వాడిని అమ్మమ్మ చూసుకుంటుంది, ఆవిడకు తెలుగే వచ్చు. స్పీచ్ ఎవాల్యుయేషన్‌కి, అంటే మాటల పరీక్షకి, ఇంటర్‌ప్రెటర్ (మాటలు అనువదించే మనిషి) కావాలా అని అడుగుతున్నారు. మా ఇద్దరికీ ఇంగ్లిష్ వచ్చు కదా?

జవాబు: మీకు అక్కర్లేకపోవచ్చు. పగలంతా బాబును చూసుకునే అమ్మమ్మకు కావాలి. అక్కడ అడిగే వాటిలో సగానికి జవాబులు ఆవిడ దగ్గరే ఉంటాయి. ఆవిడ మాటల్ని మీరు ఇంగ్లిష్‌లో చెబితే మీకు ముఖ్యం అనిపించినవే థెరపిస్టుకు చేరతాయి.

మూడేళ్లలోపు పిల్లలకు ఇది రాష్ట్రం నడిపే ఎర్లీ ఇంటర్వెన్షన్ (ఎదుగుదలలో ఆలస్యం ఉన్న చిన్నపిల్లలకు ముందుగానే సాయం చేసే కార్యక్రమం) కిందికి వస్తుంది. టెక్సస్‌లో ఈసీఐ, కాలిఫోర్నియాలో ఎర్లీ స్టార్ట్ అంటారు. డాక్టర్ చీటీ లేకపోయినా మీరే ఫోన్ చేయొచ్చు. ఎవాల్యుయేషన్ ఉచితం. రిఫరల్ (పరీక్ష చేయమన్న విన్నపం) అందాక 45 రోజుల్లో అది పూర్తి చేసి, అర్హత ఉంటే బాబుకు ఏ సాయం ఇవ్వాలో రాసుకునే ప్లాన్ మీటింగ్ కూడా పెట్టాలి. మూడేళ్లు నిండితే స్కూల్ డిస్ట్రిక్ట్‌ని అడగాలి.

మొదటి ఫోన్‌లోనే "తెలుగు" అని స్పష్టంగా చెప్పండి. "ఇండియన్" అంటే హిందీ మనిషిని పెట్టేయొచ్చు. ప్రతి మాటా రెండుసార్లు నడుస్తుంది కాబట్టి మామూలుకి రెట్టింపు సమయం ఇవ్వమని అడగండి. పరీక్షకు ముందు థెరపిస్టు ఇంటర్‌ప్రెటర్‌తో ఐదు నిమిషాలు మాట్లాడుకునేలా చూడండి. ఇది జరగకపోతే ఏమవుతుందంటే, బాబు "పాయి" అంటాడు, ఇంటర్‌ప్రెటర్ "మిల్క్" అని చెప్పేస్తారు. వాడికి "ల" పలకలేదన్న సంగతి అక్కడితో మాయం. ఇంటర్‌ప్రెటర్ వాడు ఎలా పలికాడో అలాగే చెప్పాలి, కళ్లతో బొమ్మ వైపు చూపించి సాయం చేయకూడదు.

తెలుగులో మాట్లాడేటప్పుడు రెండు మూడు వాక్యాలు చెప్పి ఆగండి. ఇంటర్‌ప్రెటర్‌ని కాదు, థెరపిస్టును చూసి మాట్లాడండి. "ఇది వాళ్లకి చెప్పకండి" అన్నా అదీ అనువాదమవుతుంది, జాగ్రత్త!

ఇక ప్రశ్నలు. మంచి థెరపిస్టు "మాట్లాడతాడా, లేదా" అని అడిగి ఊరుకోరు. "పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏం జరుగుతుందో చెప్పండి", "అన్నం దగ్గర ఎలా ఉంటుంది" అని అడుగుతారు. "ఎందుకు" అనే మాట తక్కువ వాడతారు, నిలదీసినట్టు ఉంటుందని. మనవాళ్లకు మాత్రం ఇది పెంపకం మీద విచారణలా తోచి, "అంతా నార్మలే" అనేస్తారు. ఫోన్ చూపిస్తూ తినిపిస్తుంటే ఆ మాటే చెప్పండి. ఏ పాట పెడితే నోరు తెరుస్తాడో, నీళ్లు కావాలంటే చెయ్యి పట్టుకుని లాక్కెళతాడో, చూపిస్తాడో అదీ చెప్పండి. సమాచారమంతా అందులోనే ఉంది. "స్పూన్‌తో తింటాడా?" అంటే "రాదు" అని ఊరుకోవద్దు. "ఇంట్లో చేత్తోనే తింటాం, వాడికి మేమే కలిపి పెడతాం, స్పూన్ ఎప్పుడూ ఇవ్వలేదు" అనండి. చేతకాకపోవడం వేరు, అవకాశం ఇవ్వకపోవడం వేరు. రిపోర్టులో రెంటికీ ఒకటే గడి ఉంటుంది.

మాటల లెక్క తెలుగు, ఇంగ్లిష్ కలిపి వేయించండి. రెండేళ్లకు రెండు మాటలు కలపడం చూస్తారు. "తాతొచ్చాడు" ఒక్క మాటలా వినిపించినా అది రెండు మాటలేనని అమ్మమ్మ గుర్తుచేయాలి. ఇంట్లో ఆడుకుంటున్నప్పుడు రెండు మూడు నిమిషాల వీడియోలు తీసి తీసుకెళ్లండి, కొత్తచోట చాలామంది పిల్లలు నోరు విప్పరు. తెలుగు మానేసి ఇంగ్లిషే మాట్లాడమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావు.

సంతకం పెట్టేముందు రిపోర్టును అమ్మమ్మకు తెలుగులో చదివి వినిపించమనండి. అందులో ఇంగ్లిష్ పరీక్షను అక్కడికక్కడ తెలుగులోకి మార్చి పెట్టి, దాని మీద స్టాండర్డ్ స్కోర్ రాసి ఉంటే అడ్డుపడండి. ఆ స్కోర్లు ఇంగ్లిష్ మాట్లాడే పిల్లలతో పోల్చి కట్టినవి. తెలుగు పరీక్షకు ఆ అంకె చెల్లదు.