పాఠకుల ప్రశ్నలు: యూరప్ క్లౌడ్‌లో ఫైళ్లు దాచుకోవాలంటే

ప్రశ్న: మాది లేసు ఎగుమతి. డిజైన్లు అమెరికా కంపెనీల క్లౌడ్‌లో పెట్టొద్దని, యూరప్‌లోనే ఉంచాలని జర్మనీ కొనుగోలుదారు ఒప్పందంలో రాశారు. వెతికితే పది పేర్లు కనబడ్డాయి, అందరూ ప్రైవసీ మాదే అంటున్నారు. ఏది తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: ముందు ఒప్పందంలో ఆ వాక్యం ఇంకోసారి చదవండి. ‘యూరప్’ అని ఉందా, ‘యూరోపియన్ యూనియన్’ అని ఉందా? ప్రోటాన్ డ్రైవ్, పీక్లౌడ్, ట్రెసోరిట్ మూడూ స్విట్జర్లాండ్ కంపెనీలు. స్విట్జర్లాండ్ యూనియన్‌లో లేదు. అక్కడి డేటా రక్షణ తమ ప్రమాణాలకు తగ్గట్టే ఉందని యూనియన్ 2000లో ఒప్పుకుంది, 2024 జనవరిలో మళ్లీ ఖాయం చేసింది. కాబట్టి అభ్యంతరం రాకపోవచ్చు. అయినా ‘స్విట్జర్లాండ్ పర్వాలేదు’ అని మెయిల్‌లో ఒక్క ముక్క రాయించుకుని ఉంచుకోండి.

అమెరికా వద్దనడానికి కారణం అక్కడి 2018 నాటి క్లౌడ్ యాక్ట్. కంపెనీ అమెరికాదైతే సర్వరు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నా సరే, అక్కడి ఉత్తర్వు వస్తే డేటా ఇవ్వాలి. ‘మా డేటా సెంటర్ యూరప్‌లోనే’ అన్న ప్రకటన చూసి ఆగిపోకండి.

అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందన్నది. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్న సర్వీసులో ఫైలు మీ కంప్యూటర్‌లోనే తాళం పడి బయటికెళ్తుంది, కంపెనీ కూడా తెరవలేదు. ప్రోటాన్ డ్రైవ్, ట్రెసోరిట్, జర్మనీకి చెందిన ఫైలెన్ ఈ కోవలోవి. ట్రెసోరిట్ ఫైళ్లను దాచేది మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్లలోనే. మైక్రోసాఫ్ట్ తాళం పడ్డ మూటను దాస్తుంది గానీ చెవి దాని చేతిలో ఉండదు. మీ కొనుగోలుదారు పట్టుదల మనిషైతే ఈ సంగతి ముందే చెప్పండి, తర్వాత తెలిస్తే గొడవ.

పీక్లౌడ్ విషయంలో చాలామంది పొరబడతారు. మామూలు ఫోల్డర్లలో పెట్టినవి కంపెనీ తెరవగలిగినవే. క్రిప్టో అనే ప్రత్యేక ఫోల్డర్‌లో పెట్టినవాటికే మీ తాళం, దానికి డబ్బు వేరు. పైగా ఖాతా తెరిచేటప్పుడు డేటా ఎక్కడ ఉండాలో అడుగుతుంది, లక్సెంబర్గా, అమెరికాలోని డల్లాసా అని. చూసుకోకుండా నొక్కుకుంటూ పోతే కథ మొదటికొస్తుంది. నెక్స్ట్‌క్లౌడ్ జర్మనీలో పుట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఎవరి సర్వరు మీద నడిస్తే వాళ్లే యజమాని. ఎండ్ టు ఎండ్ విడిగా పెట్టుకుంటే తప్ప సర్వరు నడిపేవాళ్లు మీ ఫైళ్లు చూడగలరు.

మీ పనికి ప్రోటాన్ గానీ ఫైలెన్ గానీ చాలు. ట్రెసోరిట్ పెద్ద సంస్థలకు బాగుంటుంది, ఇద్దరు ముగ్గురున్న ఆఫీసుకు బరువు. ఉచితంగా ప్రోటాన్ 5 జీబీ, ఫైలెన్ 10 జీబీ ఇస్తాయి. నెల రోజులు వాడి చూశాకే డబ్బు కట్టండి.

డిజైన్ పంపేటప్పుడు లింకుకు పాస్‌వర్డ్, గడువు తేదీ పెట్టండి. ఆ పాస్‌వర్డ్‌ను అదే మెయిల్‌లో రాయకుండా ఫోన్‌లో చెప్పండి. ఈ సర్వీసుల లింకులో # గుర్తు తర్వాత ఉండే అక్షరాలే తాళంచెవి. బ్రౌజర్ ఆ భాగాన్ని సర్వరుకు పంపదు. అందుకే లింకు కాపీ చేసేటప్పుడు చివర రెండు అక్షరాలు తెగినా అవతల ఫైలు తెరుచుకోదు. మెయిల్‌లో లింకు రెండు వరసలుగా విరిగితే జరిగేది ఇదే. పంపేముందు ప్రైవేట్ విండోలో మీరే తెరిచి చూడండి.

అడగని మాట ఒకటి. లేసు అల్లే ఆడవాళ్ల ఆధార్ కాపీలు, బ్యాంకు ఖాతా నంబర్లు మీ దగ్గర ఉండే ఉంటాయి. డిజైన్ బయటికి పోతే ఒక సీజను నష్టం. అవి పోతే వాళ్ల ఖాతాలకే చేటు. ఆ జాబితాను వేరే ఫోల్డర్‌లో పెట్టండి, దానికి లింకు మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

ప్రశ్న: రిటైర్డ్ టీచర్‌ని. పొలం దస్తావేజులు, పాస్‌బుక్కులు స్కాన్ చేసి జర్మనీలో ఉన్న మా అబ్బాయికి కూడా అందేలా పెట్టాలనుకుంటున్నాను. పాస్‌వర్డ్ మరిచిపోతే ఎలా?
– అమలాపురం

జవాబు: మాస్టారూ, మీ భయంలో అర్థముంది. ప్రోటాన్‌లో పాస్‌వర్డ్ రీసెట్ చేస్తే ఖాతా తెరుచుకుంటుంది గానీ పాత ఫైళ్లు తాళం పడే ఉంటాయి. వాటిని తెరవడానికి 12 ఇంగ్లీషు మాటల రికవరీ ఫ్రేజ్ కావాలి. సెట్టింగ్స్‌లో రికవరీ దగ్గర అది దొరుకుతుంది. కాగితం మీద వరస తప్పకుండా చేత్తో రాయండి, ఫోన్‌లో ఫొటో తీయొద్దు. ఒక ప్రతి మీ బీరువా పై అరలో, లామినేషన్ చేయించి. ఇంకొకటి ఏటిగట్టుకు దూరంగా ఉండే చుట్టాల ఇంట్లో. వరదొస్తే కింది అరలో కాగితం ఏమవుతుందో మీకు చెప్పాలా!

అబ్బాయికి మీ పాస్‌వర్డ్ ఇవ్వనక్కర్లేదు. ఆయన కూడా ఉచిత ఖాతా తెరిస్తే, ఫోల్డర్‌ను ఆ మెయిల్‌కు షేర్ చేసి ‘చూడటానికి మాత్రమే’ అని పెట్టండి. స్కాన్లకు 5 జీబీ ధారాళంగా సరిపోతుంది.

తప్పు జరిగేది స్కానింగ్ దగ్గరే. బ్యాకప్ ఆన్‌లో ఉంటే, ఫోన్‌తో ఫొటో తీయగానే గూగుల్ ఫొటోస్ దాన్ని తన క్లౌడ్‌కు ఎక్కించేస్తుంది. ముందు బ్యాకప్ ఆపి స్కాన్ చేయండి, ప్రోటాన్‌లోకి ఎక్కాక గ్యాలరీలోనూ ట్రాష్‌లోనూ తీసేసి, ఆ తర్వాతే బ్యాకప్ ఆన్ చేయండి.

ఒక ప్రతి పెన్‌డ్రైవ్‌లో కూడా ఉండనివ్వండి. 2022 మేలో కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆగిన రోజులు గుర్తున్నాయి కదా, అప్పుడు ఏ క్లౌడూ అక్కరకు రాదు. ఇంకోటి, స్కాన్ అనేది చూసుకోవడానికే. అసలు దస్తావేజు పోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ నకలు తీసుకోవాల్సిందే.

ప్రశ్న: ఫొటో స్టూడియో నడుపుతున్నాను. ఒక్కో పెళ్లికి 350 జీబీ వస్తోంది. అంతా యూరప్ క్లౌడ్‌లో పెట్టొచ్చా?
– పాలకొల్లు

జవాబు: పెట్టొచ్చు గానీ మేమైతే వద్దంటాం. స్పీడ్ టెస్టులో డౌన్‌లోడ్ అంకె వదిలేసి అప్‌లోడ్ అంకె చూడండి. అది 20 ఎంబీపీఎస్ అయితే 350 జీబీకి దాదాపు 39 గంటలు, అదీ ఎక్కడా తగ్గకుండా నడిస్తే. దూరం ఏడు వేల కిలోమీటర్లు. ప్రతి ఫైలుకూ అక్కడి నుంచి ‘అందింది’ అన్న జవాబు రావాలి. కాబట్టి నాలుగు వేల చిన్న ఫొటోలు, అదే సైజున్న ఒక్క జిప్ కన్నా చాలా ఆలస్యంగా ఎక్కుతాయి. రెండేసి జీబీల జిప్‌లుగా కట్టండి. రౌటరును ఇన్వర్టరుకు కలపండి.

మూల ఫుటేజీకి రెండు హార్డ్ డిస్కులు, రెండు చోట్ల. విదేశాల్లో ఉన్న బంధువులకు ఎడిట్ చేసిన వీడియో పంపడానికి స్విస్‌ట్రాన్స్‌ఫర్ చాలు. ఖాతా లేకుండానే 50 జీబీ దాకా తీసుకుంటుంది, 30 రోజుల తర్వాత తీసేస్తుంది. అది ఎండ్ టు ఎండ్ కాదు, కానీ పెళ్లి వీడియోకు ఆ తాళం అవసరమా? ఎండ్ టు ఎండ్ లింకులో పెద్ద వీడియో పెడితే చూసేవాళ్ల ఫోన్ బ్రౌజర్‌లోనే తాళం తీయాలి, పాత ఫోన్లు మధ్యలో చేతులెత్తేస్తాయి.

ప్రశ్న: యూరప్ క్లౌడ్ ప్లాన్‌కు కార్డుతో కడితే ‘డిక్లైన్డ్’ అంటోంది.
– భీమవరం

జవాబు: కొత్త కార్డులకు విదేశీ వాడకం ఆఫ్‌లో ఉండి వస్తుంది. బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి పరిమితి పెంచండి. అయినా రాకపోతే అడ్డం ఆటో రెన్యువల్. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు ఇ-మాండేట్ (ఆటో చెల్లింపుకు ముందుగా ఇచ్చే అనుమతి) పద్ధతిలో నమోదు కాని ఆటో చెల్లింపులను బ్యాంకులు ఆపేస్తాయి, చాలా విదేశీ సైట్లు ఆ పద్ధతిలో లేవు. ఏడాది ప్లాన్‌కు ఓటీపీతో ఒక్కసారి కట్టి, రెన్యువల్ ఆపేసి, గడువుకు పది రోజుల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. సైట్‌లో కనిపించే యూరోల ధర మీద బ్యాంకు కరెన్సీ మార్పిడి రుసుము, దాని మీద జీఎస్టీ పడతాయి. సర్వీసు వాళ్లు తమ ధర మీద 18 శాతం జీఎస్టీ వేయొచ్చు కూడా.

ప్రశ్న: ఆర్‌క్లోన్‌తో (ఫైళ్లను క్లౌడ్‌కు ఎక్కించే సాఫ్ట్‌వేర్) ఎన్‌క్రిప్ట్ చేసి ఎక్కిస్తుంటే తెలుగు పేర్లున్న ఫైళ్లకే ‘పేరు చాలా పొడవు’ అని వస్తోంది.
– రాజమహేంద్రవరం

జవాబు: యూనికోడ్‌ను రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. ‘శ్రీ’ చూడటానికి ఒక్క అక్షరమే, లోపల నాలుగు గుర్తులు, అంటే 12 బైట్లు. తాళం వేశాక పేరు ఇంకా సాగుతుంది. మామూలు అమరికలో ఆర్‌క్లోన్‌కు సుమారు 143 బైట్లు దాటకూడదు, అంటే 47 తెలుగు గుర్తులు. ‘2024-03-పాస్‌బుక్’ లాగా తేదీ అంకెల్లో, తెలుగు ఒక్క మాటలో పెట్టండి. పేర్ల ఎన్‌క్రిప్షన్ ఆపేసే వీలుంది, అప్పుడు పేర్లు బయటికి కనబడతాయి. పేర్లు మార్చే ఓపిక లేకపోతే, ఫైళ్లకు తాళం వేసే మరో సాఫ్ట్‌వేర్ క్రిప్టోమేటర్‌కు మారండి. పొడవైన పేర్లను అదే కుదించి దాచుకుంటుంది, కంప్యూటర్‌లో ఉచితం.