మేత వేసే ఆరు నిమిషాలు

అల్లుడూ,

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసింది. పొద్దున చేపలకు మేత వేయడానికి తొట్టి ఫిల్టర్ పంపు ఆపి, మళ్లీ వేయడం మరిచిపోయి హుజూరాబాద్‌ల పెళ్లికి పోయావట కదా. సాయంత్రం మీరు తిరిగొచ్చేసరికి గోల్డ్‌ఫిష్‌లన్నీ నీళ్ల పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని ఉన్నాయని చెప్తుంటే నాకు ప్రాణం చివుక్కుమన్నది. పంపును దానంతటదే మళ్లీ వేసే టైమర్ తయారు చేస్తానంటున్నావని విని సంతోషమేసింది. హనుమకొండలో ముప్పై ఏళ్లు రేడియోలు, టీవీలు బాగుచేశాను, ఇంట్లో మూడడుగుల తొట్టి పెట్టుకున్నాను. నాకు తెలిసింది నీకు రాసి పెడితే నాకూ తృప్తి.

పంపు ఆపడానికి మిషన్ అక్కర్లేదు, స్విచ్ చాలు. నీకు కావాల్సింది దాన్ని మళ్లీ వేసే దిక్కు. కాబట్టి ఏ భాగం పెట్టినా ఒకటే ఆలోచించు. ఇది పాడైతే పంపు నడుస్తదా, ఆగుతదా? నడిచేటట్టే కట్టాలి. మేత ఫిల్టర్‌లోకి కొట్టుకుపోయి కుళ్లితే నీళ్లలో అమ్మోనియా పెరుగుతుంది, నిజమే. కానీ ఆ అమ్మోనియాను తినే బాక్టీరియా ఉండేది కూడా ఫిల్టర్ స్పాంజిలోనే. దానికి పారే నీటితో వచ్చే ఆక్సిజన్ కావాలి. ఐదారు నిమిషాలు ఆగితే ఏమీ కాదు, గంటలు గంటలు ఆగితే చచ్చిపోతుంది.

ఆర్డ్వినోతో (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న బోర్డు) చేయొచ్చు, నీకు ప్రోగ్రాం రాయడం వచ్చు కూడా. అయినా ఒక బటన్, ఒక గడువు మాత్రమే ఉన్న పనికి నేను 555 అనే టైమర్ ఐసీనే (చిన్న చిప్) వాడతాను. 1972లో సిగ్నెటిక్స్ కంపెనీ తెచ్చిన ఐసీ అది, ఇప్పటికీ ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనైనా దొరుకుతుంది. తేడా వస్తే మల్టీమీటర్ పెట్టి ఏ పిన్ను దగ్గర ఆగిందో చూసుకోవచ్చు.

జీరో పీసీబీ (వరుసగా రంధ్రాలున్న ఖాళీ బోర్డు) మీద ఎనిమిది పిన్నుల ఐసీ బేస్ సాల్డర్ చెయ్. 8వ పిన్నుకు 12 వోల్టుల ప్లస్, 1వ పిన్నుకు మైనస్. పాత రౌటర్ అడాప్టర్ 12 వోల్టులది ఉంటే అదే సరిపోతుంది. 6, 7 పిన్నులు కలిపేసి, అక్కడి నుంచి ప్లస్‌కు 330 కిలో ఓముల రెసిస్టర్ (నారింజ, నారింజ, పసుపు గీతలు), మైనస్‌కు 1000 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్. రెండింటినీ ఓములు, ఫారడ్లలోకి మార్చి గుణించి 1.1తో హెచ్చిస్తే 363 సెకన్లు, అంటే ఆరు నిమిషాల పైచిలుకు. కెపాసిటర్‌ను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. 2వ పిన్నును 10 కిలో ఓములతో ప్లస్‌కు కట్టి, పుష్ బటన్‌తో మైనస్‌కు తాకించు. 5వ పిన్ను నుంచి మైనస్‌కు 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్.

4వ పిన్నును నేరుగా ప్లస్‌కు కలిపేయకు. 10 కిలో ఓముల ద్వారా కలిపి, అక్కడి నుంచి మైనస్‌కు 10 మైక్రోఫారడ్ పెట్టు. లేకపోతే ఎండాకాలం కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ టైమర్ తనంతట తానే మొదలుపెట్టి, అవసరం లేకపోయినా పంపు ఆపొచ్చు. అదే పిన్ను నుంచి మైనస్‌కు ఇంకో బటన్ పెడితే, చేపలు తొందరగా తినేసిన రోజు గడువు మధ్యలోనే పంపు వేసుకోవచ్చు.

బటన్ నొక్కినప్పటి నుంచి గడువు ముగిసేదాకా 3వ పిన్నుకు ప్లస్ వస్తుంది, దానితో రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పట్టుకుని పంపు ఆగుతుంది. 3వ పిన్ను నుంచి 2.2 కిలో ఓముల ద్వారా బీసీ547 ట్రాన్సిస్టర్ బేస్‌కు, ఎమిటర్ మైనస్‌కు, కలెక్టర్‌కు 12 వోల్టుల రిలే కాయిల్. కాయిల్ రెండో కొస ప్లస్‌కు. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్ పెట్టి, తెల్ల గీత ప్లస్ వైపు ఉందో లేదో రెండుసార్లు చూసుకో. తిప్పి పెడితే మొదటిసారి నొక్కగానే ట్రాన్సిస్టర్ పోతుంది.

ఇక రిలే. షుగర్ క్యూబ్ రిలేకు ఐదు పిన్నులుంటాయి. మల్టీమీటర్‌లో దాదాపు 400 ఓములు చూపించే రెండూ కాయిల్‌వి, వాటి మధ్యలో ఉండేది కామన్. అవతలి వైపు రెండింటిలో, రిలేకు కరెంటు ఇవ్వకముందే కామన్‌తో కలిసి బీప్ కొట్టేది ఎన్‌సీ (మామూలుగా కలిసే ఉండేది), మిగిలింది ఎన్‌ఓ (మామూలుగా విడిగా ఉండేది). పంపు ఫేజ్ వైరు ఈ కామన్, ఎన్‌సీల గుండానే పోవాలి. అప్పుడు అడాప్టర్ కాలినా, కాయిల్ దగ్గర సాల్డర్ ఊడినా రిలే వదిలేస్తుంది, పంపు నడుస్తూనే ఉంటుంది. చాలామంది అలవాటు మీద ఎన్‌ఓ పిన్నుకు కడతారు. అలా కడితే పంపు నడవాలంటే రోజంతా రిలే పట్టుకునే ఉండాలి. అడాప్టర్ పోయిన రోజు పంపూ పోతుంది.

ఎన్‌సీ కూడా కాపాడలేని తప్పు ఒకటుంది, అది నేను చేశాను. నా మొదటి టైమర్‌కు పాత టీవీ బోర్డు మీది కెపాసిటర్ పీకి వేశాను, రెసిస్టర్ 1 మెగాఓము పెట్టాను. రాత్రి మేత వేసి, బటన్ నొక్కి పడుకున్నాను. ఆ కెపాసిటర్ లీకు. రెసిస్టర్ ద్వారా వచ్చే సన్నటి కరెంటంతా లోపలే కారిపోయి, గడువు ముగియడానికి కావాల్సిన 8 వోల్టులకు అది ఎన్నడూ చేరలేదు. తెల్లారి లేచి చూస్తే రిలే ఇంకా పట్టుకునే ఉంది, రెండు ఏంజెల్ చేపలు అడుగున పక్కకు ఒరిగి ఉన్నాయి. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. అందుకే కొత్త కెపాసిటర్ కొను, రెసిస్టర్ 330 కిలో ఓములు దాటనీయకు, పంపు ఆగినంత సేపు వెలిగేటట్టు 3వ పిన్నుకు ఎర్ర ఎల్ఈడీ పెట్టు, దానికి 1 కిలో ఓము మరవకు. గాలి పంపును మాత్రం ఈ టైమర్‌కు అసలు కలపకు. టైమర్ ఇరుక్కుపోయినా బుడగలు వస్తుంటే చేపలకు ఊపిరి ఆడుతుంది.

230 వోల్టుల దగ్గర పైలం, అల్లుడూ. న్యూట్రల్, ఎర్త్ వైర్లను నేరుగా పోనీ, రిలేకు ఫేజ్ ఒక్కటే. బోర్డు మీద 12 వోల్టుల వైపుకూ కరెంటు వైపుకూ వేలెడు ఖాళీ ఉంచు. అంతా మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, తొట్టి నీటి మట్టం కంటే పైన, గోడకు బిగించు. పంపు వైరు ప్లగ్గు దగ్గరికి పోయేముందు కిందికి ఉయ్యాలలా వేలాడాలి. వైరు వెంట జారే నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. మీ ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే ముందు అది పెట్టించమని మీ నాన్నకు నా మాటగా చెప్పు.

పంపు తగిలించేముందు 60 వాట్ల బల్బుతో చూడు. బటన్ నొక్కగానే ఆరిపోవాలి, ఆరేడు నిమిషాలకు వెలగాలి. కనీసం ఇరవై సార్లు నొక్కి చూడు, నడుమ రెండు మూడుసార్లు అడాప్టర్ పీకి పెట్టి చూడు. తర్వాత పంపు పెట్టినప్పుడు మొదటి వారం దగ్గరే కూర్చో. కొన్ని ఫిల్టర్లు ఆగాక గాలి పట్టి, మోటారు గుయ్‌మంటుంది గానీ నీళ్లు లాగవు. నీది అట్లాంటిదైతే ఈ టైమర్ దానికి పనికిరాదు.

డబ్బా మూత బిగించకముందు సాల్డరింగ్ వైపు ఫోటో తీసి పంపు. వచ్చే శనివారం కరీంనగర్ వస్తున్నా, మల్టీమీటర్ సంచిలో వేసుకునే వస్తా. రిలే వైరింగ్ నేను చూసేదాకా ప్లగ్గు పెట్టకు.

మీ మామయ్య