అడగండి, చెబుతాం: తక్కువ ధర గేమింగ్ ల్యాప్‌టాప్, సరిహద్దు ఊళ్ల ప్రశ్నలు

ఒడిశా, మహారాష్ట్ర అంచు జిల్లాల్లోని తెలుగు పాఠకుల నుంచి ఈమధ్య గేమింగ్ ల్యాప్‌టాప్‌ల మీద ఉత్తరాలు బాగా వచ్చాయి. అన్నీ 60 వేల నుంచి 75 వేల రూపాయల లోపు మెషిన్లు కొని, వాడుతూ రాసినవే. కంపెనీల పేర్లు తీసేశాం. ఈ ధరలో ఎవరిది కొన్నా తలనొప్పులు దాదాపు ఇవే.

ప్రశ్న: నాది ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్. హాస్టల్లో పక్క గది మిత్రుడిదీ అదే కార్డు, కంపెనీ వేరు. ఒకే గేము, ఒకే సెట్టింగులు. అతనికి సెకనుకి 75 ఫ్రేములు వస్తుంటే నాది 50 దాటట్లేదు. పైగా ఆగి ఆగి నడుస్తోంది. నన్ను మోసం చేశారా?
— బీటెక్ విద్యార్థి, గుణుపూర్, రాయగడ జిల్లా

జవాబు: మోసం కాదు. అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో వేయని సంగతి ఒకటుంది, అది వాట్లు. ల్యాప్‌టాప్‌లో వాడే 3050 కార్డుని 35 వాట్ల నుంచి 80 వాట్ల దాకా ఎంతకైనా బిగించుకునే వీలు తయారీదారుకి ఉంది. దాని తర్వాతి కార్డు 4050కి ఆ పరిధి 35 నుంచి 115. పలచగా, తేలిగ్గా ఉండాలని చేసిన మెషిన్లో తక్కువ వాట్లు ఇస్తారు. పేరు ఒకటే, బలం వేరు. 3050లోనే 4 జీబీ రకం, 6 జీబీ రకం కూడా ఉన్నాయి. మీ ఇద్దరివీ ఏవో ముందు చూసుకోండి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్లో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ నొక్కితే కార్డు మెమరీ, గరిష్ఠ గ్రాఫిక్స్ పవర్ రెండూ కనబడతాయి. అక్కడ మీకు 45, అతనికి 75 ఉంటే ఆ తేడా సాఫ్ట్‌వేరుతో పూడేది కాదు.

ఆగి ఆగి నడవడం మాత్రం వేరే జబ్బు, దానికి మందుంది. టాస్క్ మేనేజర్లో ‘పెర్ఫార్మెన్స్’, అందులో ‘మెమరీ’ చూడండి. ‘స్లాట్స్ యూజ్డ్: 1 ఆఫ్ 2’ అని ఉంటే మీ ర్యామ్ ఒంటి కర్ర (ఒకే ర్యామ్ ముక్క) మీద నడుస్తోందన్నమాట. రెండెడ్ల బండిని ఒక్క ఎద్దుతో లాగించడమే. విండోస్ ఒక్కటే 3, 4 జీబీ తినేస్తుంది. మిగిలిన దాంట్లో గేము పట్టక ఎస్ఎస్‌డీకీ ర్యామ్‌కీ మధ్య అటూ ఇటూ తిరగడమే మీకు కనబడే ఆగుడు. ఇంకో 8 జీబీ కర్ర వేయండి. ఈ ధర మెషిన్లో పెట్టిన రూపాయికి ఇంతకంటే ఫలితమిచ్చే ఖర్చు మాకు తెలియదు.

కొనేముందు మీ ర్యామ్ రకం డీడీఆర్4 ఉందో డీడీఆర్5 ఉందో చూసుకోవాలి. రెంటికీ గాటు వేర్వేరు చోట ఉంటుంది, ఒకదాని చోట ఇంకోటి దిగదు. పాతదాని వేగమే ఉన్నది తెచ్చుకోండి. వేగం తక్కువది వేస్తే రెండూ ఆ వేగానికే దిగుతాయి. బిగించేటప్పుడు ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. కర్రని ఏటవాలుగా దూర్చి, బంగారు రంగు గీతలు దాదాపు కనబడనంతగా లోపలికి నొక్కి, అప్పుడు కిందికి వంచండి, రెండు పక్కలా క్లిప్పులు పడతాయి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు, ముఖ్యంగా డీడీఆర్5లో, కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. మెషిన్ కొత్త ర్యామ్‌ని పరీక్షించుకుంటోంది. పాడైందని కంగారుపడి పవర్ బటన్ నొక్కేయకండి.

ప్రశ్న: మా దగ్గర మే నెలల ఎండ సంగతి మీకు తెల్వంది కాదు. మా పోరడు గేమ్ పెట్టిన పది నిమిషాలకే ఫ్యాన్లు మోత మోగుతయి, కీబోర్డు మీద చెయ్యి పెట్టరాదు, ఆట మెల్లగైతది. చలికాలంల గిట్ల లేకుండె. పేస్టు మార్చాల్నని దుకాణమాయన అంటుండు. మార్చాల్నా?
— బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా

జవాబు: చలికాలంలో బాగానే ఉందంటే తప్పు పేస్టుదని (చిప్‌ వేడిని పైనున్న లోహపు హీట్‌సింక్‌కి దాటించే పూత) ఇప్పుడే తేల్చేయలేం. ఒక లెక్క చూడండి. ప్రాసెసర్ వేడి ఎప్పుడూ గదివేడి మీద ఇంత అని పెరుగుతుంది. గదిలో 30 డిగ్రీలున్నప్పుడు చిప్ 90కి చేరుతోందంటే పైన 60 అన్నమాట. అదే గది 42 అయితే చిప్ 102కి పోవాలి. కానీ ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్పులకి 100 దగ్గర గీత ఉంది. అది తాకగానే కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఎన్‌విడియా కార్డులు 87 దరిదాపుల్లోనే ఆ పని మొదలుపెడతాయి. ‘ఆట మెల్లగైతది’ అన్నది అదే. చాలా కంపెనీలు 35 డిగ్రీల గదివేడి దాకానే హామీ ఇస్తాయి. చంద్రపూర్, బల్లార్‌పూర్ ఎండల్లో ఇంట్లోనే ఆ గీత దాటిపోతారు.

కాబట్టి ముందు పైసా ఖర్చు లేనివి చేయండి. వెనక అంచు కింద రెండు నీళ్ల సీసా మూతలు పెట్టి ఎత్తితే గాలి పీల్చే జాలీలు తెరుచుకుంటాయి. ఫ్యాన్ల కూలింగ్ ప్యాడ్ ఇచ్చే లాభంలో చాలా భాగం ఆ ఎత్తు వల్లే వస్తుంది. పరుపు మీద, ఒళ్లో మాత్రం వద్దు. తర్వాత ఫ్రేములకి కళ్లెం వేయండి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్లో ‘మేనేజ్ 3డీ సెట్టింగ్స్’, అందులో ‘మ్యాక్స్ ఫ్రేమ్ రేట్’ 60కి పెట్టండి. 110 ఫ్రేములకి పరిగెత్తి, వేడెక్కి 45కి పడిపోయే ఆట కంటే నిలకడగా 60లో నడిచే ఆట మేలు.

ఇక మూడోది, వేసవికి అన్నిటికంటే బాగా పనిచేసేది: ప్రాసెసర్ టర్బో (భారం పడ్డప్పుడు మామూలు వేగాన్ని మించి పరిగెత్తడం) ఆపడం. పాత కంట్రోల్ ప్యానెల్లో పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్, ‘మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్’ని 100 నుంచి 99 చేయండి. ఒక్క అంకె మార్పే, కానీ టర్బో పూర్తిగా ఆగిపోతుంది. ప్రాసెసర్ వేడి పది, పదిహేను డిగ్రీలు తగ్గడం మామూలే. గ్రాఫిక్స్ కార్డు మీద భారం వేసే ఆటల్లో ఫ్రేములు పెద్దగా పోవు. ప్రాసెసర్ మీద నడిచే పెద్ద వ్యూహాల ఆటల్లో, వీడియో రెండరింగ్‌లో మాత్రం నెమ్మది తెలుస్తుంది. అప్పుడు మళ్లీ 100 చేసుకోండి. కొన్ని మోడళ్లలో ఈ వరస దాచేసి ఉంటుంది. అలాంటివాటిలో కంపెనీ యాప్‌లోని ‘సైలెంట్’ మోడ్ వాడితే దగ్గర ఫలితమే వస్తుంది.

మీ వైపు ఇంటింటా ఉండే నీళ్ల కూలర్ పొడి వేడిలో గదిని బాగా చల్లబరుస్తుంది, నిస్సందేహంగా వాడండి. తుంపర్లు నేరుగా ల్యాప్‌టాప్ మీద పడే చోట మాత్రం కూర్చోవద్దు. బోరు నీళ్ల సున్నం లోపల తెల్లగా పేరుకుంటుంది.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే, కొని ఏడాది దాటితే, అప్పుడు దుమ్ము. బొగ్గు గనులు, థర్మల్ కేంద్రం ఉన్న ప్రాంతం మీది. ఆ సన్నని నల్ల పొడి వంటింటి జిడ్డుతో కలిసి, ఫ్యానుకీ రాగి రేకులకీ మధ్య కంబళి ముక్కలా అతుక్కుంటుంది. బయటి నుంచి బ్లోయర్ కొడితే ఆ ముక్క కదలదు, లోపలికి ఇంకా బిగుసుకుంటుంది. అడుగు మూత తీయాల్సిందే. వారంటీ ఉంటే మూత తీస్తే ఏమవుతుందో ముందు ఫోన్ చేసి అడగండి. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ చేస్తే పూర్తిగా ఆగుతుంది. మరలు పొడవు పొట్టి కలిసి ఉంటాయి కనుక కాగితం మీద మెషిన్ బొమ్మ గీసి, ఏ చోటుది ఆ చోటే పెట్టండి. పొడవు మర పొట్టి చోట బిగిస్తే పైన కీబోర్డు పక్కన పొడుచుకొస్తుంది. బ్యాటరీ కనెక్టర్ తీయండి. ఫ్యాన్ రెక్కని పుల్లతో ఆపి పట్టుకుని మాత్రమే గాలి కొట్టండి. వదిలేస్తే గిర్రున తిరిగి బేరింగ్ పోతుంది, జనరేటర్‌లా బోర్డులోకి కరెంటు కూడా పంపగలదు. పెయింటింగ్ కుంచె మంచిది. వాక్యూమ్ క్లీనర్ స్టాటిక్ పుట్టిస్తుంది, వద్దు. మీ ఊళ్లో ఏడాదికి రెండుసార్లు, హోలీకి ముందొకసారి, దీపావళి తర్వాతొకసారి చేయించుకోండి.

పేస్టు అన్నిటికంటే చివర. ఏడాదిన్నర, రెండేళ్లకి అది ఎండి పక్కలకి జారుతుంది. మార్చేవాళ్లకి రెండు మాటలు చెప్పండి. హీట్‌సింక్ మరల పక్కన 1, 2, 3, 4 అంకెలుంటాయి, బిగింపు ఆ వరసలోనే, విప్పడం తిరుగు వరసలో. గ్రాఫిక్స్ మెమరీ మీది మెత్తని ప్యాడ్లు చిరగకూడదు. వాటి బదులు మందం ఎక్కువైనవి పెడితే హీట్‌సింక్ చిప్‌కి ఆనదు, పని చేయించాక వేడి ఇంకా పెరిగిందనే ఫిర్యాదులకి ఒక కారణం అదే.

ప్రశ్న: మా గుంటడి ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉన్నప్పుడు చెయ్యి ఆనిస్తే జిల్లుమంటంది. పాత ఇల్లు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికెళ్తే చార్జర్ గుయ్యిమంటంది. స్టెబిలైజర్ కొనాలా?
— పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: స్టెబిలైజర్ అక్కర్లేదమ్మా. చార్జర్ మీద చూడండి, 100–240 వోల్టులు అని ఉంటుంది. వోల్టేజి తగ్గినా అది సర్దుకుంటుంది. మీ ఇంటికి కావలసింది ఎర్తింగ్. చార్జర్ లోపలి వడపోత కెపాసిటర్ల నుంచి అతి కొద్ది కరెంటు ఎప్పుడూ కారుతుంది. అది మూడో పిన్ను గుండా భూమిలోకి పోవాలి. పాత ఇంటి సాకెట్‌లో మూడో కన్నం ఉంటుంది, వెనక తీగ ఉండదు. లేదా మూడు పిన్నులకి రెండు పిన్నుల అడాప్టర్ తగిలిస్తారు. అప్పుడా కరెంటు మీ అబ్బాయి చేతి గుండా పోతోంది. సన్నని జిల్లు దీనివల్లే. గట్టిగా కొడితే మాత్రం వెంటనే ప్లగ్ పీకేసి చార్జర్ మార్చాలి.

ఎలక్ట్రీషియన్‌తోనే ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటరు పెట్టించండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఎంతుందో దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఎర్త్ గొయ్యి ఉంటే ఎండాకాలంలో నీళ్లు పోస్తుండండి, ఎండిన గొయ్యి పనిచేయదు. గుయ్యిమనడానికి కారణం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. దాని మీద గేములు వద్దు. ఈసారి ఇన్వర్టర్ మార్చేటప్పుడు సైన్ వేవ్‌ది తీసుకోండి.

అసలు భయపడాల్సింది ఎక్కువ వోల్టేజికి. గాలివానకి లైనులో న్యూట్రల్ తెగితే 230 ఉండాల్సిన చోట 400 దాకా రావచ్చు. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపాను తర్వాత లైన్లు కొత్తగా కలిపే రోజుల్లో ఈ ముప్పు ఎక్కువ. కరెంటు వచ్చాక కాసేపు ఫ్యాన్, బల్బు నిలకడగా ఉన్నాయో లేదో చూసి అప్పుడు ప్లగ్ పెట్టండి. వోల్టేజి హద్దు దాటితే లైను కోసేసే ప్రొటెక్టర్ ఒకటి మీటరు దగ్గర పెట్టించుకుంటే ఇంట్లో అన్నిటికీ రక్ష. ఉరుములప్పుడు చార్జర్‌తో పాటు ఇంటర్నెట్ కేబులూ పీకాలి.

ప్రశ్న: గేము బ్యాటరీ మీద ముప్పావుగంట కూడా రావట్లేదు. ఎప్పుడూ చార్జింగ్‌లోనే ఉంచడం తప్పా?
— జయపురం, కొరాపుట్ జిల్లా

జవాబు: 50 వాట్ అవర్ బ్యాటరీ, గేములో మెషిన్ లాగేది 60 వాట్లు. ముప్పావుగంటకి అదే లెక్క, లోపం లేదు. పైగా బ్యాటరీ మీద కార్డు పూర్తి బలమూ ఇవ్వదు. గేము ప్లగ్ పెట్టే ఆడాలి. ఎప్పుడూ ప్లగ్‌లో ఉండేవాళ్లు చార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపుకోవాలి. ఆసుస్‌కి మైఆసుస్ యాప్‌లో, లెనోవోకి వాంటేజ్‌లో ఈ సదుపాయం ఉంది. వేడి, నిండు చార్జింగ్ కలిస్తే లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. ఆరోగ్యం చూడాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని కొట్టండి. వచ్చే నివేదికలో ‘డిజైన్ కెపాసిటీ’, ‘ఫుల్ చార్జ్ కెపాసిటీ’ పోల్చుకోండి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బి నొక్కు పడకపోతే బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఆ క్షణమే వాడకం ఆపండి, చార్జింగ్ పెట్టొద్దు, గుచ్చొద్దు.

ప్రశ్న: నిజామాబాద్ పోయి కొంటే పన్ను తక్కువ పడుతుందా? వారంటీ మహారాష్ట్రలో చెల్లుతుందా?
— ధర్మాబాద్, నాందేడ్ జిల్లా

జవాబు: పన్ను ఏ రాష్ట్రంలోనైనా 18 శాతమే. తేడా వస్తే దుకాణం ధరలోనే. భారతదేశంలో అమ్మిన మెషిన్ వారంటీ సరిహద్దు చూడదు, కానీ ‘ఇంటికొచ్చి బాగుచేస్తాం’ అన్నది పిన్‌కోడ్‌ని బట్టి ఉంటుంది. డబ్బు కట్టేముందు కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మీ పిన్‌కోడ్ చెప్పి అడగండి. బిల్లులో సీరియల్ నంబరు ఉండాలి. దుకాణంలోనే తెరవండి: వారంటీ తేదీ కంపెనీ సైట్లో చూడండి, నల్ల తెర పెట్టి అంచుల వెలుతురు, మూత మధ్యలో పట్టుకుని తెరిచి కీళ్లు చూడండి. ఈ ధరలో కీలు మరలు ప్లాస్టిక్‌లో దిగి ఉంటాయి. మూలన పట్టి లాగడం అలవాటైతే ఏడాదికే ప్లాస్టిక్ పగులుతుంది. పేచీ వస్తే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2019 చట్టం ప్రకారం కొన్న ఊళ్లోనే కేసు వేయాలనేం లేదు, మీరుండే జిల్లాలోనే, నాందేడ్ కమిషన్లోనే వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు.

ప్రశ్న: 144 హెర్ట్జ్ తెర అన్నారు. రంగులు వెలిసినట్టున్నాయి, ఆన్‌లైన్ ఆటలో ఎదుటివాడు ఎగిరెగిరి కనబడుతున్నాడు.
— బ్రహ్మపురం, గంజాం జిల్లా

జవాబు: రంగులు తెర స్వభావం. ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ (తెర చూపగల రంగుల కొలత) అని ఉన్నవన్నీ ఇంతే, ఫొటో పనికి వేరే మానిటర్ పెట్టుకోవాలి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ‘అడ్వాన్స్‌డ్’కి వెళ్లి తెర 144 బదులు 60 హెర్ట్జ్ మీద ఉందేమో చూడండి, చాలామందికి అక్కడే ఉండిపోతుంది. ఎగరడం ఇంటర్నెట్‌ది. సర్వర్ ముంబైకి కాకుండా సింగపూర్‌కి పెట్టుకున్నారేమో చూడండి. కౌంటర్‌స్ట్రైక్ 2కి చెన్నైలో కూడా సర్వర్ ఉంది. సర్వర్ ఎంచుకునే వీలున్న ఆటల్లో ఏది తక్కువ పింగ్ (సర్వర్‌కి వెళ్లి వచ్చే సమయం) చూపితే అది ఉంచుకోండి. వైఫై 2.4 మీద ఉంటే 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. గోడలు అడ్డమైతే పది మీటర్ల లాన్ కేబుల్ లాగేయండి.