ఓపెన్‌సోర్స్ సందేహాలు: సరిహద్దు జిల్లాల ఉత్తరాలు

ఈసారి ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దుల్లో ఉన్న తెలుగువాళ్ల ఉత్తరాలు తీసుకున్నాం. ఒకే సైటులో రెండు మూడు లిపులు నడపాల్సిన చోట, మిగతావాళ్లకు ఎప్పుడూ ఎదురుకాని చిక్కులు వస్తాయి.

ప్రశ్న: మా సైటులో సవర పాఠాలు పెడుతున్నాం. ఒక్కో మాటనూ తెలుగు లిపిలో, ఒడియా లిపిలో, సవరకే ప్రత్యేకమైన సొరంగ్ సొంపెంగ్ లిపిలో పక్కపక్కన ఇస్తాం. ఎవరో చాలా ఏళ్ల కిందట సొంతంగా రాసిచ్చిన పీహెచ్‌పీ సీఎంఎస్ (సైటులో పాఠాలు ఎక్కించే సాఫ్ట్‌వేర్) అది. తెలుగు, ఒడియా బాగానే వస్తున్నాయి. సొంపెంగ్ అక్షరం ఒక్కటి పెట్టి సేవ్ చేస్తే చాలు, అక్కడి నుంచి కిందున్న పాఠమంతా మాయం. ఫాంట్లు మార్చి చూశాం, ఫలితం లేదు. – ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: తప్పు ఫాంటుది కాదు. ఫాంట్ లేకపోతే అక్షరం ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా కనిపిస్తుంది తప్ప పాఠం పోదు. పాఠమే పోయిందంటే డేటాబేస్ దాన్ని పుచ్చుకోలేదన్నమాట.

మీ డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయి ఉంటుంది. అందులో 'యుటిఎఫ్8' అనే పేరుతో ఉన్నది, అక్షరాలను బైట్లుగా దాచే యుటిఎఫ్-8 పద్ధతి పూర్తి రూపం కాదు. ఒక్కో అక్షరానికి 3 బైట్లకు మించి దాచలేదు. తెలుగు, ఒడియా, దేవనాగరి అక్షరాలన్నీ సరిగ్గా 3 బైట్లే కాబట్టి ఇన్నాళ్లూ లోపం బయటపడలేదు. మంగేయి గొమాంగో 1936లో రూపొందించిన సొంపెంగ్ లిపి యూనికోడ్‌లోకి 2012లో, 6.1 వెర్షన్‌తో వచ్చింది. దానికి దొరికిన చోటు మొదటి 65,536 స్థానాలకు అవతల ఉంది, అందుకని ఒక్కో అక్షరానికి 4 బైట్లు కావాలి. స్ట్రిక్ట్ మోడ్ లేని సర్వర్ ఆ నాలుగో బైటు చూడగానే అక్కడితో వాక్యం కోసేసి, హెచ్చరిక ఒకటి లోపల రాసుకుని ఊరుకుంటుంది. స్ట్రిక్ట్ మోడ్ ఉంటే ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేది, మీకు మొదటి రోజే తెలిసేది. గిడుగు రామమూర్తి పంతులు గారు రాసినట్టు మీరూ సవరను తెలుగు లిపిలోనే రాసుంటే ఈ లోపం ఎప్పటికీ కనిపించేది కాదు.

ముందు బ్యాకప్ తీయండి. తర్వాత ప్రతి టేబుల్‌నూ 'కన్వర్ట్ టు క్యారెక్టర్ సెట్ యుటిఎఫ్8ఎంబి4' ఆదేశంతో మార్చండి. చాలామంది ఇక్కడే పొరబడతారు: టేబుల్ 'డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్' ఒక్కటే మారిస్తే ఇకమీదట చేర్చే కాలమ్‌లకే అది వర్తిస్తుంది, ఉన్నవి పాతగానే ఉంటాయి. మధ్యలో 'కీ చాలా పొడవుంది' అన్న ఎర్రర్ రావచ్చు. పాత ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ మామూలుగా వాడే రకం) పట్టికల్లో ఇండెక్స్ పరిమితి 767 బైట్లు. 255 అక్షరాల కాలమ్ 4 బైట్ల లెక్కన 1020 అవుతుంది. ఇండెక్స్‌ను మొదటి 191 అక్షరాలకు కుదించండి, 191 నాలుగులు 764, సరిపోతుంది. లేదా రో ఫార్మాట్‌ను డైనమిక్‌కు మార్చండి, అప్పుడు పరిమితి 3072 బైట్లు.

టేబుళ్లు మార్చినంత మాత్రాన పని కాదు. పీహెచ్‌పీ నుంచి డేటాబేస్‌కు వెళ్లే కనెక్షన్‌లో కూడా క్యారెక్టర్ సెట్ యుటిఎఫ్8ఎంబి4 అని చెప్పాలి. లేకపోతే అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారతాయి. బ్యాకప్ తీసే డంప్ ఆదేశానికీ అదే సెట్ ఇవ్వండి. పాత వెర్షన్ల డంప్ దానంతట అది 3 బైట్ల సెట్టే వాడుతుంది, సైటులో బాగున్న పాఠం బ్యాకప్‌లో పాడైపోయి ఉంటుంది. పరీక్ష సులువే: ఒక సొంపెంగ్ అక్షరం సేవ్ చేసి, ఆ గడి మీద 'క్యార్ లెంగ్త్' (అక్షరాల లెక్క) అడిగితే 1, 'లెంగ్త్' (బైట్ల లెక్క) అడిగితే 4 రావాలి. తెలుగు అక్షరానికైతే 1, 3.

ఇప్పటికే తెగిపోయిన పాఠాలు డేటాబేస్‌లో లేవు. రాతప్రతి నుంచి మళ్లీ ఎక్కించాల్సిందే, ఇంకో దారి లేదు. ఫాంటుకు నోటో సాన్స్ సొరా సొంపెంగ్ ఉచితంగా దొరుకుతుంది.

ఇంకో మాట. మీ సీఎంఎస్ జాబితా పేజీలో సారాంశం చివర నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం కనిపిస్తుంటే, కోడ్‌లో 'సబ్‌స్ట్ర్' ఉందేమో చూడండి. అది బైట్లు లెక్కపెట్టి కోస్తుంది. 100 బైట్లంటే 33 తెలుగు అక్షరాలు, ముప్పై నాలుగో అక్షరంలో మూడో వంతు. దాని బదులు 'ఎంబీ సబ్‌స్ట్ర్' వాడాలి.

ప్రశ్న: మిర్చి ధరల వార్తలు వర్డ్‌ప్రెస్‌లో రాస్తున్నాం. శీర్షికలు తెలుగులోనే పెడతాం. 'ధర్మాబాద్ మిర్చి మార్కెట్ ఈ వారం ధరలు' అని పెడితే లింకు మధ్యలో తెగుతోంది. తర్వాతి వారాల లింకులకు చివర 2, 3 అని అంకెలు చేరుతున్నాయి. ప్లగిన్ ఏదైనా అడ్డు వస్తోందా? – ఒక పాఠకుడు, ధర్మాబాద్, నాందేడ్ జిల్లా

జవాబు: ప్లగిన్ కాదు, ఇది వర్డ్‌ప్రెస్ అసలు కొలతే. లింకులో వాడే స్లగ్‌కు డేటాబేస్‌లో ఇచ్చిన చోటు 200 స్థానాలు. తెలుగు కోడ్ (యూనికోడ్‌లో ఒక గుర్తు) ఒక్కొక్కటి లింకులోకి వెళ్లేటప్పుడు మూడు '%' గుర్తులు, ఆరు అంకెలూ అక్షరాలూ కలిసి 9 స్థానాలు తింటుంది. గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడివిడిగా లెక్కే. అంటే 22 కోడ్లకు మించి పట్టదు.

మీ శీర్షికే చూడండి. 'ధర్మాబాద్'లో 9 కోడ్లు, 81 స్థానాలు. మధ్య గీతతో 82. 'మిర్చి'లో 6 కోడ్లు, 54; మొత్తం 136, గీతతో 137. మిగిలింది 63, అంటే ఇంకో 7 కోడ్లు. 'మార్కెట్'లో ఉన్నవి 8. చివరి పొల్లు రాలిపోయి లింకు 'మార్కెట' దగ్గర ఆగుతుంది. 'ఈ వారం ధరలు' అన్న మాట లోపలికి వెళ్లనే లేదు. కాబట్టి ప్రతి వారం అదే స్లగ్ తయారై, తేడా కోసం వర్డ్‌ప్రెస్ 2, 3 చేరుస్తోంది. ఆ అంకెకు చోటు చేయడానికి ఇంకో అక్షరమూ తీసేస్తుంది.

శీర్షిక తెలుగులోనే ఉంచండి, దాన్ని మార్చే అవసరమే లేదు. స్లగ్ గడిలో మాత్రం చేత్తో రోమన్ లిపిలో చిన్న మాట రాయండి: ఊరు, సరుకు, తేదీ చాలు. వాట్సాప్‌లో పంపినప్పుడు కూడా శాతం గుర్తుల తోక కనిపించదు. ఇప్పటికే ప్రచురించిన పోస్టుల స్లగ్ మారిస్తే పాత లింకును వర్డ్‌ప్రెస్ గుర్తుంచుకుని కొత్తదానికి పంపుతుంది. 'పేజీ'లకు ఈ సదుపాయం లేదు, వాటికి రీడైరెక్ట్ మీరే పెట్టాలి.

ప్రశ్న: చీరల దుకాణం సైటును నా కంప్యూటర్‌లో తయారు చేసి హోస్టింగ్‌కు ఎక్కించాను. ఎస్‌క్యూఎల్ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి పాత చిరునామా ఉన్నచోటల్లా కొత్తది పెట్టాను. పోస్టులు బాగున్నాయి గానీ విడ్జెట్లు, థీమ్ సెట్టింగులు ఖాళీ. – ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: వర్డ్‌ప్రెస్ చాలా సెట్టింగులను పీహెచ్‌పీ సీరియలైజ్ రూపంలో దాస్తుంది. అందులో ప్రతి మాట ముందూ దాని పొడవు బైట్లలో రాసి ఉంటుంది. పాత చిరునామా 24 బైట్లు, కొత్తది 27 అనుకుందాం. నోట్‌ప్యాడ్ మాట మార్చింది, ముందున్న 24 మాత్రం అలాగే ఉంది. చదివేటప్పుడు లెక్క కుదరక పీహెచ్‌పీ ఆ సెట్టింగు మొత్తాన్నీ వదిలేస్తుంది. చేత్తో అంకెలు దిద్దాలని చూడకండి. మధ్యలో తెలుగు ఉంటే ఒక్కో కోడ్‌కు 3 చొప్పున లెక్కపెట్టాలి, తప్పు రాకుండా చేయడం కష్టం.

మార్చని అసలు ఫైల్‌ను మళ్లీ ఎక్కించి, డబ్ల్యుపి-సీఎల్ఐ అనే కమాండ్ లైన్ పనిముట్టులో 'సెర్చ్-రీప్లేస్' వాడండి. అది సీరియలైజ్ విప్పి, మాట మార్చి, పొడవు సరిచేసి మళ్లీ కడుతుంది. మొదటిసారి 'డ్రై-రన్' జోడించండి. ఏ టేబుల్‌లో ఎన్ని మారతాయో చూపిస్తుంది, ఏదీ ముట్టుకోదు. పేజీ బిల్డర్ ఏదైనా వాడుంటే ఇంకో విడత కావాలి. కొన్ని బిల్డర్లు చిరునామాను జేసన్‌లో, ప్రతి స్లాష్ ముందూ బ్యాక్‌స్లాష్ పెట్టి దాస్తాయి, మామూలు వెతుకులాటకు అది దొరకదు. చివర పర్మాలింక్స్ సెట్టింగు తెరిచి ఒకసారి సేవ్ నొక్కండి.

ప్రతి పోస్టుకూ గుర్తింపు చిరునామా దాచే జీయూఐడీ కాలమ్ గురించి చాలామందికి భయం. జనం చూస్తున్న సైటు చిరునామా మార్చేటప్పుడు దాన్ని ముట్టుకోకూడదు, ఫీడ్ చదివేవాళ్లకు పాత పోస్టులన్నీ కొత్తవిగా కనిపిస్తాయి. మీది సొంత కంప్యూటర్ నుంచి మొదటిసారి ఎక్కించడం కాబట్టి మార్చినా నష్టం లేదు.

ప్రశ్న: డబ్బులు పెట్టి కొనాల్సిన ప్లగిన్ ఒకటి వేరేచోట ఉచితంగా దొరికింది. జీపీఎల్ లైసెన్సే కదా, వాడితే తప్పా? – ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: లైసెన్సు అడ్డు చెప్పదు. జీపీఎల్ కింద ఉన్న కోడ్‌ను పంచుకునే హక్కు కొన్నవాళ్లకు ఉంది. ప్రమాదం వేరేచోట ఉంది. లైసెన్సు తనిఖీ తీసేసి పంచే ఇలాంటి కాపీల్లో దొంగ కోడ్ చొప్పించడం మామూలు. అప్‌డేట్లూ రావు కాబట్టి భద్రతా లోపం బయటపడినా మీ సైటులో అలాగే ఉంటుంది. ఇప్పటికే పెట్టి ఉంటే, తీసేయడంతో ఆగకండి: యూజర్ల జాబితాలో తెలియని అడ్మిన్ ఉన్నాడేమో చూడండి, అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైళ్లు వెతకండి. ఫొటోలుండే చోట పీహెచ్‌పీ కనిపిస్తే దాదాపు ఖాయంగా దొంగదే. పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి.

ప్రశ్న: విండోస్‌లో సైటు చేసి లినక్స్ హోస్టింగ్‌కు పంపాను. ఫొటోలు కొన్ని వస్తున్నాయి, కొన్ని రావడం లేదు. ఫొటోలు పంపిన మిత్రుడు పాత మ్యాక్ వాడతాడు. ఫైల్ పేర్లు తెలుగులో ఉన్నాయి. – ఒక పాఠకుడు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: రెండు వేర్వేరు కారణాలు కలిసి ఉండొచ్చు. రోమన్ పేర్లున్నవి రాకపోతే పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అక్షరాల తేడా చూడండి. విండోస్‌కు రెండూ ఒకటే, లినక్స్‌కు కాదు. కెమెరా పెట్టిన 'జేపీజీ' పెద్దబడిలో ఉండి, పేజీలో చిన్నబడిలో రాస్తే మీ దగ్గర కనిపించి సర్వర్‌లో పోతుంది.

తెలుగు పేర్లున్నవి రాకపోతే ఆ పేర్లలో ఐత్వం ఉందేమో చూడండి: 'రైతు', 'తైలం', 'పైరు' లాంటివి. యూనికోడ్‌లో తెలుగు ఐత్వాన్ని ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, ఎత్వం, కింద వచ్చే ఐత్వపు ముక్క అనే రెండు కోడ్లుగానూ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కు పేర్లను విడదీసి దాస్తుంది, మీ కీబోర్డు కలిపి రాస్తుంది. లినక్స్ బైట్లు పోల్చి, ఇది వేరే ఫైల్ అంటుంది. తెలుగులో ఇలా విడిపోయే గుర్తు ఐత్వం ఒక్కటే. ఒడియాలో అయితే ఐ, ఓ, ఔ గుర్తులు మూడూ విడిపోతాయి.

సర్వర్‌లో షెల్ అందుబాటులో ఉంటే 'కన్వ్‌ఎంవీ' అనే చిన్న పనిముట్టుతో ఫోల్డర్ మొత్తాన్నీ ఎన్‌ఎఫ్‌సీ, అంటే కలిపి రాసే రూపానికి మార్చొచ్చు. మామూలుగా నడిపితే అది ఏమేం మారుస్తుందో చెప్పి ఆగుతుంది. 'నోటెస్ట్' అని చేరిస్తేనే నిజంగా మారుస్తుంది. షెల్ లేకపోతే ఐత్వం పేర్లను చేత్తో మార్చి మళ్లీ ఎక్కించండి. ఇకపై ఫైల్ పేర్లు చిన్నబడి రోమన్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టుకోండి. తెలుగు వివరణకు ఆల్ట్ టెక్స్ట్ గడి ఉంది, దాన్ని తప్పక నింపండి.

ప్రశ్న: మా గ్రంథాలయానికి తెలుగు, ఒడియా, ఇంగ్లీషు సైటు కావాలి. పుస్తకాల పట్టిక కూడా అందులోనే ఉండాలి. వర్డ్‌ప్రెస్, జూమ్లా, ద్రుపాల్‌లలో ఏది? – ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: పుస్తకాల పట్టికను ఈ మూడింట్లో దేనిలోనూ పెట్టకండి. దానికి కోహా ఉంది. న్యూజిలాండ్‌లో ఒక గ్రంథాలయం కోసం తయారై, 2000 జనవరి నుంచి వాడుకలో ఉన్న ఓపెన్‌సోర్స్ వ్యవస్థ. పుస్తకం ఇవ్వడం, తీసుకోవడం, గ్రంథాలయాలు వాడే 'మార్క్' పద్ధతిలో పట్టిక రాయడం అన్నీ అందులో ఉన్నాయి. సైటు నుంచి దానికి ఒక లింకు ఇస్తే సరి.

మిగిలిన వార్తలు, కార్యక్రమాల సైటును ఎవరు నడుపుతారన్నది చూసి ఎంచుకోండి. గ్రంథపాలకులే రాసుకునేట్లయితే వర్డ్‌ప్రెస్ మంచిది. దానికి బహుభాషా సదుపాయం సొంతంగా లేదు, పాలీలాంగ్ ప్లగిన్ ఉచిత వెర్షన్ మీకు సరిపోతుంది. జూమ్లా, ద్రుపాల్‌లలో ఆ సదుపాయం అసలు ప్యాకేజీలోనే ఉంది. మెనూ మాట నుంచి సెట్టింగు మాట దాకా అనువదించుకోగలిగేది ద్రుపాల్, కానీ అప్‌డేట్లు చూసుకునే డెవలపర్ దగ్గర్లో లేకపోతే దాని జోలికి పోవద్దు. పాత సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో ఉన్న ద్రుపాల్ 7తో మొదలుపెట్టకండి, దానికి 2025 జనవరి 5తో మద్దతు ముగిసింది. జూమ్లా 3కు 2023 ఆగస్టులోనే ముగిసింది.

భాషా సంకేతాలు జాగ్రత్త. తెలుగుకు 'టి-ఇ', ఒడియాకు 'ఓ-ఆర్'. 'టి-ఎల్' అని పెడితే అది ఫిలిప్పీన్స్‌లోని తగలాగ్. సెర్చ్ ఇంజన్లూ, చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లూ ఆ సంకేతాన్ని పట్టుకునే భాష తేల్చుకుంటాయి. తెలుగు పేజీలకు లైన్ హైట్ 1.7 దగ్గర పెట్టండి. ఇంగ్లీషుకు సరిపోయే 1.3లో 'స్త్రీ', 'రాష్ట్ర' లాంటి మాటల ఒత్తులు కింది వరుస తలకట్లకు తగులుతాయి. శీర్షికలకు సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత ఫాంట్లలో 'గిడుగు' అనేది ఉంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి గ్రంథాలయానికి అంతకన్నా తగిన పేరు ఏముంటుంది.

ప్రశ్న: అను ఫాంట్లలో ఉన్న పాత సంచికలను సీఎంఎస్‌లో అతికిస్తే ఇంగ్లీషు గుర్తులు వస్తున్నాయి. – ఒక పాఠకుడు, బల్లార్షా

జవాబు: అను యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చిన పద్ధతి అది. కన్వర్టరు వాడక తప్పదు. అను 6, 7 వెర్షన్ల కూర్పు ఒకటి కాదు కాబట్టి ముందు మీది ఏదో తేల్చుకోండి. పేజీ మొత్తం ఒకేసారి ఇవ్వకండి. మధ్యలో ఉన్న అసలు ఇంగ్లీషు మాటలు, ఈమెయిళ్లు కూడా తెలుగు ముక్కలుగా మారిపోతాయి. వాటిని ముందే తీసి పక్కన పెట్టండి. మార్చాక ఒత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తులు ప్రత్యేకంగా దిద్దాలి. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని విడదీత గుర్తు లేకపోతే 'ఫ్ట' అక్షరానికే 'వ' ఒత్తు కూడా చేరిపోతుంది. ఒక సంచికను పూర్తిగా దిద్దాకే రెండోది మొదలుపెట్టండి. మొదటిదానిలో దొరికిన తప్పులను వెతికి మార్చే జాబితాగా రాసుకుంటే మిగతావి త్వరగా తెములుతాయి.