మీ ప్రశ్న, మా జవాబు: ప్లాటు మీద కంప్యూటర్ గీత

ప్రశ్న: ఇకపై మాస్టర్ ప్లాన్లు ఏఐతోనే గీయిస్తారట, మా కాలనీ వాట్సాప్ గ్రూపులో రెండు రోజులుగా ఒకటే గోల. లంచాలు పోతాయి, మంచిదేగా అని కొందరు. మనిషైతే బతిమాలుకోవచ్చు, కంప్యూటర్ కాళ్లు ఎక్కడ పట్టుకుంటాం అని మావారు. మా 200 గజాల ప్లాటు రోడ్డులో పోతుందా?
– ఓ టీచరమ్మ, సంగారెడ్డి

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండమ్మా. ఎవరు గీసినా, దేంతో గీసినా అది మొదట ముసాయిదాగా బయటికి రావాలి, అభ్యంతరాలు తీసుకోవాలి, ఆ తర్వాతే ఆమోదం. ఉపగ్రహ చిత్రాల్లో ఇదిగో ఇల్లు, ఇదిగో చెరువు, ఇదిగో ఖాళీ జాగా అని గుర్తుపట్టడం ఈ సాఫ్ట్‌వేర్లకు బాగానే వచ్చు. కాకపోతే ఎండాకాలంలో తీసిన ఫొటోలో దున్నిపెట్టిన చేను కూడా ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది. లంచాల మాటంటారా, కంప్యూటర్ ఒక రోడ్డుకు మూడు దారులు చూపిస్తే అందులో ఏది ఖాయం చేయాలో చెప్పేది మనిషేగా!

2023 జనవరిలో కామారెడ్డి గుర్తుందా? మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పొలాలు ఇండస్ట్రియల్ జోన్‌లో పడ్డాయని రైతులు రోడ్డెక్కారు, కలెక్టరేట్ ముట్టడించారు, చివరికి అదే నెలలో మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదా వద్దని తీర్మానం చేయాల్సి వచ్చింది. జగిత్యాలలోనూ దాదాపు అదే కథ. ఆ గొడవల్లో ఏఐ ఊసే లేదు. గీత గీసేముందు మమ్మల్ని ఒక్క మాట అడగరేం అన్నదే వాళ్ల కోపం, ఇప్పుడు మీ గ్రూపులో నడుస్తున్నదీ అదే అనుకుంటాను.

చాలా ఏళ్ల కిందట ఓ మున్సిపల్ ఆఫీసులో చూశాను. గోడకు రంగురంగుల మ్యాప్ అంటించారు, ఓ పెద్దాయన కళ్లజోడు పైకెత్తి వేలితో తన సర్వే నంబరు వెతుక్కుంటున్నాడు. ఎంతకీ దొరకదు. తీరా చూస్తే, ఏ రంగు దేనికో రాసిన డబ్బా సరిగ్గా ఆయన పొలం మీదే అచ్చేశారు! "నా బావేదయ్యా ఇందులో?" అని అడిగితే సీట్లో ఉన్నాయన తలెత్తలేదు.

అందుకని మీరు అడగాల్సినవి వేరే. ఏ నెలలో తీసిన ఫొటో వాడారు, నేల మీదికొచ్చి సరిచూసింది ఎవరు, కింద సంతకం ఎవరిది? ముసాయిదా వచ్చినప్పుడు సర్వే నంబరు వేసి, ప్లాటు స్కెచ్ జతచేసి, కాగితం మీద అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి. గ్రూపులో మెసేజ్ పెడితే లెక్కలోకి రాదు.

ప్రశ్న: ఈ భయాలన్నీ మనకేనా సార్? బయటి దేశాల్లో హాయిగా ఒప్పుకుంటున్నారు కదా.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్

జవాబు: ఎక్కడ ఒప్పుకున్నారు? టొరంటోలో చెరువొడ్డున 12 ఎకరాల్లో సెన్సర్లతో నడిచే పేట కడతామని గూగుల్ సోదర సంస్థ సైడ్‌వాక్ ల్యాబ్స్ 2017లో ముందుకొచ్చింది (వాళ్ల చెరువు మన హుస్సేన్‌సాగర్ లాంటిది కాదు, సముద్రమంత ఉంటుంది). మేం నడిచే నడక, కూర్చునే బెంచీ లెక్కలన్నీ ఎవరి దగ్గరికి పోతాయని జనం నిలదీశారు. ఆ ప్రాజెక్టుకు సలహాలిస్తున్న ఒంటారియో మాజీ ప్రైవసీ కమిషనర్ ఆన్ కవుకియన్, సేకరించిన వివరాల్లోంచి మనుషుల ఆనవాళ్లు అప్పటికప్పుడే చెరిపేస్తారన్న హామీ అందులో పాలుపంచుకునే కంపెనీలన్నింటి నుంచీ రావట్లేదని 2018లో తప్పుకున్నారు. 2020 మేలో కంపెనీ కోవిడ్ కష్టాల పేరు చెప్పి వెళ్లిపోయింది. అప్పటికే జనంతో రెండున్నరేళ్ల గొడవ నడిచింది లెండి.

ప్రశ్న: హైదరాబాద్ సిగ్నళ్లు గూగుల్ చేతికి ఇచ్చేశారంట నిజమేనా? ఇచ్చినా మేం ఎర్రలైటు కాడే ఉంటున్నం.
– ఆటో డ్రైవర్, ఎల్బీనగర్

జవాబు: చేతికి ఇవ్వలేదన్నా. గ్రీన్ లైట్ అనే గూగుల్ ప్రాజెక్టులో హైదరాబాద్, బెంగళూరు, కోల్‌కతా ఉన్నాయి. మ్యాప్స్‌లో బండ్లు ఎక్కడ ఆగుతున్నాయో, ఎంతసేపు ఆగుతున్నాయో చూసి, ఫలానా చోట పచ్చలైటు కొన్ని సెకన్లు మార్చండని ట్రాఫిక్ ఇంజనీర్లకు సలహా ఇస్తుంది, మార్చాలో వద్దో వాళ్లిష్టం. సలహా మంచిదే కావచ్చు గానీ అది బండ్ల లెక్క. కూరగాయల సంచి పట్టుకుని, చెయ్యి అడ్డంపెట్టి రోడ్డు దాటే ముసలమ్మ ఆ లెక్కలో ఉండదు. ఆమెను చూసి బ్రేకు వేయాల్సింది మాత్రం నువ్వే.