భోగి మంట వేసుకోవచ్చా అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, రావులపాలెం నుంచి మెల్‌బోర్న్ వచ్చి ఏడాది కూడా కాలేదన్నావు. టార్నీట్‌లో అద్దె ఇల్లు, వెనక కాస్త పెరడు, జనవరిలో అమ్మా నాన్నా వస్తున్నారు. పండక్కి పెరట్లో భోగి మంట వేసుకోవచ్చా, ఎవరినైనా పర్మిషన్ అడగాలా అని నీ సందేహం.

వేసుకోకూడదు. పర్మిషన్ కోసం తిరగడం కూడా దండగ.

ఇంతటితో ఆపేస్తే ఈయనకి చాదస్తం అనుకుంటావు. నాలుగు పుల్లలు వెలిగిస్తే ఎవరు చూస్తార్లే అనుకుంటావు. నేనూ అలా అనుకున్నవాణ్ణే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు రూల్స్ సంగతి క్లుప్తంగా. జనవరి ఇక్కడ నడి వేసవి. మెల్‌బోర్న్ ఉన్న ఈ విక్టోరియా రాష్ట్రంలో ఎండలు ముదిరే ముందు ఒక్కో కౌన్సిల్ (స్థానిక మున్సిపాలిటీ) ప్రాంతానికి 'ఫైర్ డేంజర్ పీరియడ్' మొదలైందని సీఎఫ్ఏ, అంటే కంట్రీ ఫైర్ అథారిటీ అనే అగ్నిమాపక సంస్థ వాళ్లు ప్రకటిస్తారు. ఆ కాలంలో పర్మిట్ లేకుండా ఆకులు, గడ్డి, చెత్త కాల్చకూడదు. ఎండా గాలీ మరీ ఎక్కువగా ఉండే రోజుల్లో 'టోటల్ ఫైర్ బ్యాన్' పెడతారు. ఆ రోజు బయట కట్టెలతో గానీ బొగ్గులతో గానీ ఏ నిప్పూ పనికిరాదు. గ్యాస్ బార్బెక్యూకి మాత్రం షరతులతో ఒప్పుకుంటారు: చుట్టూ మూడు మీటర్లు శుభ్రంగా ఉండాలి, పక్కన పది లీటర్ల నీళ్లుండాలి, పెద్దవాళ్లెవరో ఒకరు అక్కడి నుంచి కదలకూడదు. ఇవి కాక కౌన్సిళ్ల సొంత రూల్స్ వేరే ఉంటాయి. పెరట్లో చెత్త కాల్చడం చాలాచోట్ల ఏ కాలంలోనూ ఒప్పుకోరు. మిగతావి సీఎఫ్ఏ సైట్‌లో చదువుకో. ఫోన్‌లో మంటల హెచ్చరికలు ఇచ్చే విక్ఎమర్జెన్సీ యాప్ పెట్టుకో. ఇంజనీరింగ్ చదివినవాడివి, అవి నీకు అర్థం కాకపోవు.

నేను చెప్పేది డబ్బు సంగతి.

బ్యాన్ ఉన్న రోజు నిప్పు పెడితే జరిమానా 47 వేల డాలర్లు దాటొచ్చు, లేదా రెండేళ్ల దాకా జైలు, ఒక్కోసారి రెండూ. బ్యాన్ లేని మామూలు వేసవి రోజున అయినా అందులో సగం దాకా వెయ్యొచ్చు. అదంతా పెద్ద తప్పులకే వేస్తారులే అని నీకు తోస్తుంది. సరే. ఒకసారి రూపాయల్లోకి మార్చి చూడు. కొత్తలో మనం కప్పు కాఫీ కూడా రూపాయల్లోకి మార్చుకుని తాగకుండా వెనక్కొచ్చేస్తాం కదా, అదే లెక్క దీనికీ కట్టు. పాతిక లక్షలు దాటుతుంది. పైగా రేపు పీఆర్‌కి, అంటే ఇక్కడ స్థిరపడే వీసాకి, పోలీసు సర్టిఫికెట్ పెట్టాలి.

నాకు మొదటి బిల్లు మంట లేకుండానే వచ్చింది. సిటీలో ఎత్తైన బిల్డింగ్‌లో నలుగురు కుర్రాళ్లం ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. అమలాపురం నుంచి వచ్చిన ఒకడు ఎండు మెత్తళ్లు తెచ్చాడు. అవి ఈ దేశంలోకి ఎలా దాటించాడో ఇప్పటికీ తెలీదు, నువ్వు మాత్రం అలాంటి పని పెట్టుకోకు. ఆదివారం రాత్రి నేనే మూకుడు పెట్టి, నూనె కాగాక మెత్తళ్లు వేసి, ఎండుమిరపకాయలు తుంచి వేశాను. ఘాటు లేచింది. ఫ్లాట్‌లో ఉన్న అలారం కూతపెట్టింది. అది మామూలే, తువ్వాలు ఊపితే ఆగిపోతుంది. కానీ దగ్గు తట్టుకోలేక నేను ఫ్లాట్ తలుపు బార్లా తీశాను. పొగ కారిడార్‌లోకి వెళ్లింది.

అసలు కిటుకు అక్కడుంది, ఎవరూ చెప్పరు. అలాంటి బిల్డింగుల్లో ఫ్లాట్ లోపలి అలారం సాధారణంగా మన చెవులకే. కారిడార్‌లో ఉన్నది నేరుగా ఫైర్ స్టేషన్‌కి కలిపి ఉంటుంది. దానికి పొగ తగిలిందో, మనం ఫోన్ చేసి వద్దన్నా బండ్లు బయల్దేరినట్టే. పొగ వస్తే కిటికీ తియ్యి, బాల్కనీ తియ్యి, పొయ్యి మీద ఫ్యాన్ వెయ్యి. కారిడార్ తలుపు మాత్రం తియ్యకు. నిజంగా మంటలే లేస్తే అది వేరు, అప్పుడు బయటికి పరుగెత్తి ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు, మూడు సున్నాలు (000) కొట్టు.

బిల్డింగ్ అంతా సైరన్. చంటిపిల్లల్ని ఎత్తుకుని జనం మెట్లు దిగి రోడ్డు మీద చలిలో నిలబడ్డారు. రెండు బండ్లు వచ్చాయి. హెల్మెట్లు పెట్టుకుని పైకొచ్చిన వాళ్లు మూకుడులోకి తొంగి చూశారు. ఒకాయన నవ్వాడు, ఇంకొకాయన ఏం చేపలని అడిగాడు. ఎంత మర్యాదస్తులో అనుకున్నాం. ఆ మర్యాదకి బిల్లు కొన్ని వారాల తర్వాత వచ్చింది. నివారించగలిగిన తప్పుడు అలారం అని రాసి, వచ్చిన ఒక్కో బండికి, ఒక్కో పావుగంటకి ఇంత అని లెక్కకట్టారు. బిల్డింగ్ వాళ్లు దాన్ని ఓనర్‌కి తోశారు, ఓనర్ ఏజెంటుకి తోశాడు, ఏజెంటు మాకు తోశాడు. మా ఇంటద్దె రెండు నెలలది. నలుగురం పంచుకుందామంటే ఒకడు ఎదురు తిరిగాడు: "నేను నీసే తినను, నా వాటా ఎందుకు?" న్యాయమే. వాడి వాటా కూడా నేనే కట్టాను. ఆ సెమిస్టర్ అంతా రాత్రిళ్లు పెట్రోల్ బంకులో చేశాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి చెప్పలేదు.

నాకు ఎవరూ చెప్పలేదు, దెబ్బలు తిని నేర్చుకున్నాను. ఇవాళ సొంత ఇల్లుంది, అప్పు చాలావరకు తీరింది. వేసవి రాకముందే మా వీధిలో గడ్డి కొట్టించేదీ, చూరు గొట్టాల్లో ఆకులు తీయించేదీ ముందు నేనే. నీకు ఇదంతా అతిగా అనిపిస్తుంది. బిల్లు నీ పేరు మీద వచ్చేదాకా ఎవరికైనా అలాగే ఉంటుంది.

ఇంకో బిల్లు కూడా చెప్పాలి, ఎందుకంటే నువ్వు చివర్లో "మెల్టన్ వైపు ఒక ప్లాట్ చూస్తున్నాను అన్నయ్యా" అని రాశావు. మనవాళ్లకి నేల పిచ్చి. నేనూ కొన్నాను. కొని, ఇల్లు తర్వాత కట్టుకుందామని వదిలేశాను. వానలకి గడ్డి నడుమెత్తు పెరిగి, నవంబరుకి ఎండి బంగారం రంగుకి వచ్చింది. చూడ్డానికి కోతకొచ్చిన దాళ్వా చేనులా ఉందని ఫొటో తీసి ఊరికి పంపాను కూడా. ఈలోగా ఫలానా తేదీలోపు గడ్డి కొట్టించమని 'ఫైర్ ప్రివెన్షన్ నోటీస్' వచ్చింది. పిజ్జా కాగితాల్లో కలిసిపోయింది, నేను చూడలేదు. గడువు దాటాక కౌన్సిలే మనుషుల్ని పంపి కొట్టించి, ఆ ఖర్చూ, పైన దాదాపు 2 వేల డాలర్ల జరిమానా కలిపి పంపింది. మన ఊళ్లో గట్టు మీద గడ్డి కోసుకుంటామని బతిమాలేవాళ్లుంటారు. ఇక్కడ మన గడ్డి కోయించుకోడానికి మనమే ఇచ్చుకోవాలి.

వాళ్ల భయం ఉత్తిదేం కాదు. మెల్‌బోర్న్‌కి పడమర, అంటే టార్నీట్, మెల్టన్ వైపు అంతా చెట్టూ చేమా లేని గడ్డిమైదానం. ఉత్తరం నుంచి వేడిగాలి కొట్టే రోజున గడ్డిమంట గంటకి పాతిక కిలోమీటర్ల వేగం దాకా అందుకుంటుంది. 2009 ఫిబ్రవరి 7న మెల్‌బోర్న్‌లో ఎండ 46.4 డిగ్రీలు. ఆ ఒక్క రోజు చెలరేగిన మంటల్లో 173 మంది పోయారు. సాయంత్రం గాలి దిక్కు మార్చేసరికి, సన్నగా పొడుగ్గా సాగుతున్న మంట పక్కకి తిరిగి వెడల్పుగా ఊళ్ల మీద పడింది. దాన్ని 'బ్లాక్ సాటర్డే' అంటారు. ఆఫీసులో ఇక్కడివాళ్ల ముందు మంటల మీద జోకులు వెయ్యకు.

ఇక అసలు ప్రమాదం నీవల్ల కాదు, నాన్నగారివల్ల. మా నాన్న వచ్చిన ఏడు నేను పడుకుని లేచేసరికి ఆయన పెరడంతా ఊడ్చి, యూకలిప్టస్ ఆకులు, ఊడిన బెరడు కుప్పేసి, అగ్గిపెట్టె కోసం వంటింట్లో వెతుకుతున్నాడు. ఇక్కడ గ్యాస్ పొయ్యికి అగ్గిపెట్టె అక్కర్లేదు కాబట్టి దొరకలేదు. అదే నా అదృష్టం, ఎందుకంటే ఆ ఆకుల్లో నూనె ఉంటుంది, ఎండితే భగ్గుమంటాయి. వద్దంటే కోపం వచ్చింది.

"మన పెరట్లో మన ఆకులు కాల్చుకోడానికి వీళ్ల పెత్తనమేంట్రా? పాశర్లపూడి బావి రెండు నెలల పైన మండితే కళ్లారా చూసినవాణ్ణి, నాకు నిప్పు గురించి చెబుతావా?"

1995 జనవరిలో ఆ గ్యాస్ బావి అంటుకున్నప్పుడు మా ఇంటి అరుగు మీదికి రాత్రిళ్లు వెలుగు వచ్చేది, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. జరిమానా అంకె చెప్పినా ఆయనకి ఎక్కలేదు. చివరికి ఇలా అడిగాను: వైశాఖంలో కాలవ కట్టేశాక, తాటాకిళ్ల మధ్య ఎవడైనా చుట్ట వెలిగిస్తే నువ్వు ఊరుకుంటావా నాన్నా? ఇక్కడ ఊరు ఊరంతా వేసవి నెలలన్నీ అంతే. ఆయన చీపురు పక్కన పెట్టి, ఆకులు దేన్లో వెయ్యాలో చూపించమన్నాడు. ఆకుపచ్చ మూత బిన్‌లో. తర్వాత ప్రతి వారం బిన్ రోడ్డు మీదికి లాగడం ఆయన ఉద్యోగం అయింది. మీ నాన్నగారికి కూడా వచ్చిన మొదటి రోజే బిన్ అప్పజెప్పు, మళ్లీ చెబుతున్నాను, మొదటి రోజే.

దీపావళి బాణసంచా గురించి కూడా అడిగావు. లైసెన్సు లేకుండా ఇక్కడ మతాబులు, చిచ్చుబుడ్లు కొనడం, కాల్చడం నేరం. కాకరపువ్వొత్తులు దొరుకుతాయి, బ్యాన్ రోజు అవి కూడా వద్దు. ఇంట్లో హోమం చేయించాలంటే గుడిలో మాట్లాడుకో, ఇంటి అలారం విప్పి పక్కన పెట్టే తెలివితేటలు వద్దు.

భోగి నాడు తలంట్లు పోసుకోండి, గుమ్మంలో ముగ్గు వెయ్యండి, సాయంత్రం హాల్లో చాప పరిచి పిల్లలకి భోగిపళ్లు పొయ్యండి. రేగిపళ్ల బదులు మేం బ్లూబెర్రీలు, చిల్లర నాణేలు, పూలరేకలు కలుపుతాం, పిల్లలకి అవే ఇష్టం. అమ్మగారు మాత్రం మనవళ్ల కోసం భోగి పిడకల దండ గుచ్చి పెట్టెలో పెట్టుకొస్తానంటారు, పొట్లంలో రేగిపళ్లు కూడా. పేడ, తాజా పళ్లు ఏవీ ఎయిర్‌పోర్టు దాటనివ్వరు, చెప్పకుండా తెస్తే అక్కడా వేలల్లో జరిమానా. ఈ మాట టికెట్లు తీసినప్పుడే చెప్పెయ్యి. పెట్టె కట్టేశాక చెబితే ఆవిడ వినరు.