ఫోన్ ఆయన చేతిలోనే ఉండనివ్వండి

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె. మా మామయ్యగారికి 72 ఏళ్లు. ఇప్పటికీ పొగాకు వేస్తారు. బేళ్ల డబ్బు ఖాతాలో పడిందేమో చూడమంటే మా అబ్బాయి "నీకు అర్థం కాదులే తాతయ్యా, ఇటివ్వు" అని ఫోన్ లాక్కుంటాడు. ఇప్పుడాయన అడగడమే మానేసి, పాస్‌బుక్ పట్టుకుని ఎండలో బ్యాంకుకి వెళ్తున్నారు. వాడితో మాటలూ తగ్గాయి. ఏం చేయమంటారు?
– ఒక కోడలు, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, మీ అబ్బాయి సాయం చేస్తున్నాననే అనుకుంటున్నాడు. కానీ తన కష్టం డబ్బు ఎంత పడిందో తెలుసుకోవడానికి మనవడి చుట్టూ తిరగాల్సి వస్తే ఏ రైతుకైనా మనసు చివుక్కుమంటుంది. నెల్లూరులో బ్యాంకు కౌంటర్లో పనిచేసినన్నాళ్లూ ఇలాంటి పెద్దవాళ్లని చూశాను. బ్యాలెన్స్ నోటితో చెప్పినా, పాస్‌బుక్‌లో అచ్చు పడేదాకా కదిలేవారు కాదు. ఆయన్ని బ్యాంకుకి వెళ్లొద్దనకండి.

ఆయనకి చేతకాదంటే మాత్రం నేను ఒప్పుకోను. పొగాకు బోర్డు కేంద్రాల్లో ఎలక్ట్రానిక్ వేలం వచ్చాక ఆయన అమ్మకం మానుకున్నారా? ఆకు పట్టుకుని గ్రేడు చెప్పే మనిషికి ఈ ఫోన్ ఒక లెక్కా!

మీ అబ్బాయికి ఒక్కటే చెప్పండి: తాతయ్య చేతిలోంచి ఫోన్ తీసుకోకూడదు. పక్కన కూర్చుని నోటితో చెప్పాలి, నొక్కేది ఆయనే. భీమ్, ఫోన్‌పే లాంటి యాప్‌లలో భాష తెలుగులోకి మార్చుకోవచ్చు, ముందు ఆ పని చేయమనండి. తర్వాత బ్యాలెన్స్ చూడటం ఒక్కటే. అది అలవాటయ్యాక మీకు ఒక్క రూపాయి పంపించమనండి. టచ్ ఫోన్ వద్దంటే, 2022లో వచ్చిన యూపీఐ 123పే అనే చెల్లింపుల సేవ బటన్ ఫోన్‌లో కూడా పనిచేస్తుంది.

డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదని ఆయనకి బాగా గుర్తుండాలి. పోలీసులమంటూ ఫోన్ చేసి, "డిజిటల్ అరెస్ట్" చేశామని ఎవరైనా బెదిరిస్తే అలాంటిది చట్టంలోనే లేదని చెప్పండి.

నా అసలు టెన్షన్ ఇక్కడే. తిడతారని భయపడే పెద్దాయన మోసపోయినా ఇంట్లో చెప్పడు. ఆ దాచుకున్న గంటల్లోనే డబ్బు ఖాతాలు మారిపోతుంది. ఏ పొరపాటు జరిగినా ముందు మనవడికే చెప్పొచ్చన్న ధైర్యం ఆయనకుంటే, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయొచ్చు. ఆ నంబరు ఆయన ఫోన్‌లో ఈరోజే ఎక్కించమనండి.